వరంగల్ గిర్నీలు, ఊక, కరెంటు బిల్లు: పొదుపుకి సర్కారు ఇచ్చిన పైసల కథ

ఈ రోజు టాపిక్ పేరు వినగానే సగం మంది స్క్రోల్ చేసి వెళ్లిపోతారని నాకు తెలుసు. వ్యాపారాల్లో కరెంటు, బొగ్గు, డీజిల్ తక్కువ ఖర్చయ్యేలా చేయడానికి ప్రభుత్వాలు ఇచ్చిన ప్రోత్సాహకాల చరిత్ర. వినడానికి ఏదో ఆఫీసు సర్క్యులర్ లాగా ఉంది కదా? కానీ ఇది మన వరంగల్ కథ. ఇందులో నిజాం ఉన్నాడు, బట్టల మిల్లు ఉంది, రైస్ మిల్లులున్నాయి, ఊక ఉంది, ఢిల్లీలో ధర్నా కూడా ఉంది. ఒక పది నిమిషాలు ఉండండి.

ముందుగా ఒక తేడా క్లియర్ చేసుకుందాం. ప్రభుత్వం ఒక వ్యాపారికి ఎనర్జీ విషయంలో రెండు రకాలుగా సాయం చేయొచ్చు. మొదటిది, "నీకు కరెంటు చవగ్గా ఇస్తా, బాగా వాడుకో" అనడం. రెండోది, "నువ్వు తక్కువ వాడు, తక్కువ వాడటానికి కావాల్సిన మిషన్‌కి నేను చేయూతనిస్తా" అనడం. రెండూ సబ్సిడీలే. బడ్జెట్‌లో చూస్తే అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి. కానీ ఒకటి ముందుకి లాగితే ఇంకోటి వెనక్కి లాగుతుంది. వరంగల్‌లో తొంభై ఏళ్ల చరిత్ర చూస్తే, ఈ మొదటి రకం ఎప్పుడూ పెద్దన్నే. రెండో రకం మాత్రం ఫారాల్లో, ఫైళ్లలో, మీటింగుల్లో తిరుగుతూనే ఉంది.

1934 నుంచి మొదలు పెడదాం. ఆజంజాహి మిల్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్ద కొడుకు ఆజం జా పేరు మీద వరంగల్‌లో పెట్టించిన బట్టల మిల్లు. మన తాతల తరం దాన్ని మిల్లు అనేవాళ్లు కాదు, గిర్నీ అనేవాళ్లు. "మా నాయిన గిర్నీల పని చేసిండు" అంటే ఊళ్లో అదో గౌరవం. ఆ కాలానికి హైదరాబాద్ సంస్థానంలో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ అని ఒకటుంది, 1929లో పెట్టారు. పరిశ్రమలకి ప్రభుత్వమే పెట్టుబడి సమకూర్చే ఏర్పాటు అది. అప్పటి ఆలోచన అంతా ఒక్కటే, పరిశ్రమ రావాలి. వచ్చిన పరిశ్రమ ఎంత బొగ్గు తింటుంది అన్నది ఎవరి ప్రశ్నా కాదు. దాన్ని తప్పు పట్టలేం కూడా. సింగరేణి బొగ్గు పక్కనే ఉంది, పత్తి పక్కనే ఉంది. పొదుపు అనే మాట అప్పుడు ఎవరికి అవసరం?

ఆ మిల్లు 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది, 2002లో పూర్తిగా మూతపడింది. మూతపడటానికి చాలా కారణాలున్నాయి, అదంతా వేరే ఎపిసోడ్. నాకు ఇక్కడ కావాల్సింది ఒక్క తేదీ, 1974. ఎందుకంటే ఆ ముందు ఏడాదే, 1973లో, ప్రపంచానికి ఆయిల్ షాక్ తగిలింది. అరబ్ దేశాలు నూనె సరఫరా బిగించాయి, కొన్ని నెలల్లోనే ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఇండియాలో "ఇంధనం ఆదా చేయండి" అనే మాట ప్రభుత్వం నోట గట్టిగా వినిపించింది ఆ తర్వాతే. 1978లో పీసీఆర్ఏ, అంటే పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపండి అని మన చిన్నప్పుడు టీవీలో యాడ్లు వచ్చేవి చూడండి, అవి వాళ్లవే.

ఆ దశలో వచ్చిన అసలైన ప్రోత్సాహకం సబ్సిడీ కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రూల్స్ వెనకాల అనుబంధంలో ఒక లైన్. ఎనర్జీ సేవింగ్ పరికరాలు కొంటే 100 శాతం తరుగుదల, అదే డిప్రిసియేషన్, మొదటి ఏడాదే చూపించుకోవచ్చు. మామూలుగా ఒక మిషన్ 10 లక్షలకి కొంటే దాని ఖరీదుని కొన్నేళ్ల పాటు కొంచెం కొంచెంగా ఖర్చులో రాస్తారు. ఇక్కడ మొత్తం 10 లక్షలూ ఒకేసారి ఖర్చుగా రాసి, ఆ మేరకి లాభం తగ్గించి చూపించి, ట్యాక్స్ తగ్గించుకోవచ్చు. వేడిని తిరిగి పట్టే పరికరాలు, మెరుగైన బాయిలర్లు, కోజనరేషన్ ఇలా ఒక లిస్టు ఉండేది.

వినడానికి బ్రహ్మాండం. కానీ ఇది ఎవరికి పనికొస్తుంది? ట్యాక్స్ కట్టేంత లాభం చూపించేవాడికి. లాభం అంతంతమాత్రంగా ఉన్న చిన్న మిల్లు ఓనర్‌కి 100 శాతం డిప్రిసియేషన్ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. పెద్ద కంపెనీలు మాత్రం భలే వాడుకున్నాయి. 1990ల్లో అయితే కొందరు పాత బాయిలర్లని, పాత పరికరాలని కాగితాల మీద ఫైనాన్స్ కంపెనీకి అమ్మేసి, మళ్లీ వాళ్ల దగ్గరే లీజుకి తీసుకునేవాళ్లు. బాయిలర్ ఉన్నచోటే ఉంటుంది, ఒక్క కేజీ బొగ్గు కూడా మిగలదు, ట్యాక్స్ మాత్రం మిగులుతుంది. ఈ కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. తర్వాత 2002-03 నుంచి ఆ 100 శాతం 80కి వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 40 శాతమే అన్నారు. నన్నడిగితే, పొదుపు చేసినందుకు కాకుండా పరికరం కొన్నందుకు డబ్బిస్తే ఇట్లాగే అవుతుంది.

ఇక 2001. పార్లమెంటు ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం చేసింది. 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, బీఈఈ, మొదలైంది. మన ఫ్రిజ్ మీద, ఏసీ మీద చుక్కల స్టిక్కర్ ఉంటుంది కదా, దాని వెనక ఉన్నది ఇదే. ఈ చట్టం పెద్ద పరిశ్రమల్ని వేరుగా గుర్తించి, లెక్కలు చెప్పమంది. 2012లో దాని మీద పాట్ అనే స్కీమ్ కట్టారు. పర్‌ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్. ఎనిమిది రంగాల్లో 478 పెద్ద యూనిట్లకి టార్గెట్లు ఇచ్చారు. టార్గెట్ కన్నా ఎక్కువ పొదుపు చేస్తే సర్టిఫికెట్లు వస్తాయి, ఒక్కో సర్టిఫికెట్ ఒక టన్ను నూనెకి సమానమైన ఎనర్జీ. టార్గెట్ అందుకోలేనివాడు వాటిని కొనుక్కోవాలి. 2017లో పవర్ ఎక్స్ఛేంజీల్లో వీటి ట్రేడింగ్ కూడా జరిగింది. మొదటి విడతలో టార్గెట్ 66.9 లక్షల టన్నుల నూనెకి సమానమైతే, 86.7 లక్షల దాకా పొదుపు వచ్చింది. డిజైన్ పరంగా నాకు బాగా నచ్చిన స్కీమ్ ఇది. పరికరం కొన్నావా లేదా అని కాదు, కొలిచి చూస్తే తగ్గిందా లేదా అని అడుగుతుంది.

కానీ సిమెంటు, ఎరువులు, ఉక్కు, థర్మల్ పవర్, కాగితం... ఈ ఎనిమిది రంగాల్లో రైస్ మిల్లులు లేవు. బట్టల మిల్లులున్నాయి, అది కూడా ఏడాదికి 3,000 టన్నుల నూనెకి సమానమైన ఎనర్జీ వాడితేనే. అదంతా కరెంటే అనుకుంటే దాదాపు మూడున్నర కోట్ల యూనిట్లు. మన ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, నర్సంపేట, పరకాల, జనగామ రోడ్ల మీద మనకి కనిపించే మిల్లులు ఆ తక్కెడలో ఎక్కడా తూగవు.

మరి ఆ మిల్లుల సంగతేంటి? ఇక్కడే వరంగల్ పేరు ఢిల్లీ కాగితాల మీద పడింది.

పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 2007 నుంచి 2012 మధ్య, బీఈఈ చిన్న పరిశ్రమల కోసం ఒక ప్రోగ్రామ్ చేసింది. దేశమంతా కలిపి 25 క్లస్టర్లు. సూరత్ బట్టలు, మోర్బీ టైల్స్, జామ్‌నగర్ ఇత్తడి, మన తెలుగువాళ్లలో భీమవరం ఐస్ ఫ్యాక్టరీలు, వాటి సరసన వరంగల్ రైస్ మిల్లులు. ఇంజినీర్లు వచ్చారు, మిల్లుల్లో మీటర్లు పెట్టి కొలిచారు, ఏ మిషన్ ఎంత తింటుందో రాశారు, ఏది మారిస్తే ఎన్నాళ్లలో డబ్బులు తిరిగొస్తాయో ప్రాజెక్టు రిపోర్టులు తయారు చేశారు. ఆ పేపర్లు తీసుకెళ్లి బ్యాంకులో ఇస్తే లోన్ రావాలి, అదీ ప్లాన్.

ఒక రైస్ మిల్లులో పొదుపు ఎక్కడ దాక్కుంటుందో చెప్తా, బీటెక్ చదివినందుకు ఇక్కడైనా పనికిరావాలి కదా.

మోటార్ తీసుకోండి. 20 హెచ్‌పీ, అంటే దాదాపు 15 కిలోవాట్లు. పాత ఐఈ1 రకం మోటార్ సామర్థ్యం 88.7 శాతం. ఐఈ3 అయితే 92.1. మూడున్నర శాతం కూడా లేదు, దీనికోసం ఇంత గోలా అనిపిస్తుంది. కానీ ఫుల్ లోడు మీద ఏడాదికి 3,000 గంటలు తిరిగితే తేడా 1,850 యూనిట్ల పైనే. యూనిట్ 7 రూపాయలనుకుంటే 13 వేలు, ఒక్క మోటార్ మీద. మిల్లులో మోటార్ ఒకటి ఉండదు. పైగా మన దగ్గర మోటార్ కాలిపోతే ఏం చేస్తారు? వైండింగ్ షాపుకి పంపుతారు. సీజన్‌లో వడ్లు లారీల్లో నిలబడి ఉంటే ఇంకేం చేస్తారు మరి. అట్లా ఒక్కో వైండింగ్‌కి ఇంకొంచెం సామర్థ్యం పోతుంది. బిల్లు మీద ఆ లైన్ ఎక్కడా కనిపించదు.

ఫ్యాన్లు, బ్లోయర్లు ఇంకా సరదా. ఫ్యాన్ స్పీడు 20 శాతం తగ్గిస్తే కరెంటు 20 శాతం తగ్గదు, దాదాపు సగానికి పడిపోతుంది. 0.8 ని మూడుసార్లు గుణించి చూసుకోండి, 0.512 వస్తుంది. అందుకే గాలి తక్కువ కావాల్సినప్పుడు దారి మూసేసే బదులు స్పీడు తగ్గించే డ్రైవ్ పెట్టమంటారు.

బాయిలర్ దగ్గరికొస్తే పొగగొట్టంలోంచి పోయే వేడి 22 డిగ్రీలు తగ్గించగలిగితే బాయిలర్ సామర్థ్యం దాదాపు ఒక శాతం పెరుగుతుంది. ఆవిరి చల్లారి నీళ్లయ్యాక ఆ వేడి నీళ్లని పారబోయకుండా తిరిగి బాయిలర్‌కి పంపితే, నీటి వేడి ప్రతి 6 డిగ్రీలకి ఒక శాతం ఇంధనం మిగులుతుంది. వీటిలో కొన్నింటికి కావాల్సింది పైపు, దాని మీద చుట్టే ఇన్సులేషన్, అంతే.

అన్నింటికన్నా పెద్ద ఐడియా కోజనరేషన్. ఊకతో ఎక్కువ ప్రెజర్ ఆవిరి చేసి, ముందు దాంతో టర్బైన్ తిప్పి కరెంటు తీసి, బయటికొచ్చిన అదే ఆవిరితో వడ్లు ఉడికించడం. ఒక ఊకకి రెండు పనులు. కాకపోతే పెట్టుబడి చాలా ఎక్కువ.

డబ్బులు లేవా అంటే ఉన్నాయి. జపాన్ సంస్థ జైకా 2008లో సిడ్బీకి 3,000 కోట్ల యెన్ల లోన్ ఇచ్చింది, చిన్న పరిశ్రమల ఎనర్జీ సేవింగ్ మిషన్లకి తక్కువ వడ్డీ మీద ఇవ్వమని. చిన్న పరిశ్రమల మంత్రిత్వ శాఖ దగ్గర టెక్‌అప్ అనే స్కీమ్ ఉండేది, ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. పాత క్రెడిట్ లింక్డ్ సబ్సిడీ 15 శాతం, గరిష్ఠంగా 15 లక్షలు. కాగితం మీద చూస్తే మిల్లు ఓనర్ చుట్టూ డబ్బు సంచులు పెట్టుకుని ఆఫీసర్లు నిలబడి ఉన్నట్టుంటుంది.

కిందికి దిగి చూస్తే వేరే. సబ్సిడీ అంటే ముందు నువ్వు కొనాలి, తర్వాత ఫైల్ పెట్టాలి, ఎప్పుడొస్తుందో నీకే తెలియదు. బ్యాంకు "మిగిలే కరెంటు" మీద లోన్ ఇవ్వదు, ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఆ ఆస్తి అప్పటికే వడ్లు కొనడానికి తీసుకున్న క్యాష్ క్రెడిట్ కింద బ్యాంకులోనే ఉంటుంది. ఇవన్నీ కాక, మిల్లు ఓనర్ అసలు లెక్క వేరే ఉంది. ఆ లెక్క అర్థమైతేనే ఈ కథ అర్థమవుతుంది.

సర్కారు కొన్న వడ్లని మిల్లుకిచ్చి బియ్యం చేయించుకుంటుంది, సీఎంఆర్ అంటారు. క్వింటా వడ్లకి పచ్చి బియ్యం అయితే 67 కేజీలు, బాయిల్డ్ అయితే 68 కేజీలు మిల్లు తిరిగివ్వాలి. దీనికి కేంద్రం లెక్కలో మిల్లింగ్ చార్జీ ఎంతో తెలుసా? క్వింటాకి పచ్చి బియ్యానికి 10 రూపాయలు, బాయిల్డ్‌కి 20 రూపాయలు. ఈ రోజుల్లో 10 రూపాయలకి చాయ్ దొరకడమే కష్టం. మరి మిల్లు ఎట్లా నడుస్తుంది? మిగిలినవాటి మీద. తౌడు, నూకలు, ఊక. తౌడు నూనె మిల్లులకి పోతుంది, నూకలు దాణాకి, ఇంకా వేరే వాటికి పోతాయి. ఊక అంటే వడ్లలో దాదాపు ఐదో వంతు. గంటకి 4 టన్నుల వడ్లు ఆడించే మిల్లులో గంటకి 800 కేజీల ఊక.

ఒకప్పుడు ఈ ఊక తలనొప్పి. ఎక్కడ పోయాలో తెలియక మిల్లు వెనకాల గుట్టలు గుట్టలు పోసేవాళ్లు, తగలబెట్టేవాళ్లు. ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్లేవాడు ఉండేవాడు కాదు. ఫ్రీగా పడి ఉన్న ఇంధనాన్ని ఎవడు పొదుపు చేస్తాడు? బాయిలర్ ఎంత తింటే అంత మంచిది, గుట్ట తగ్గుతుంది. ఆ తర్వాత ఇటుక బట్టీలు కొనడం మొదలు పెట్టాయి. 2000 తర్వాత ఊకతో నడిచే బయోమాస్ కరెంటు ప్లాంట్లు వచ్చాయి, వాటికి కూడా ప్రభుత్వ ప్రోత్సాహం ఉంది. ఊకకి రేటు వచ్చింది. రేటు రాగానే మిల్లులో ఎవరూ ఆడిట్ చేయకుండానే ఒక విషయం అర్థమైంది. బాయిలర్‌లో తగలబడే ప్రతి బస్తా ఊకా అమ్ముకోగలిగిన బస్తా.

నర్సంపేట వైపు ఒక బాయిల్డ్ మిల్లు చూడటానికి వెళ్లినప్పుడు నేను గమనించింది ఇదే. ఓనర్‌కి బీఈఈ అనే పేరు సరిగ్గా గుర్తు లేదు, "ఎవరో వచ్చి కొలిచిపోయిన్రు తమ్మీ" అన్నాడు. కానీ ఆవిరి పైపు మీద ఇన్సులేషన్ కొత్తగా ఉంది. ఎందుకు చుట్టించావన్నా అంటే, సబ్సిడీ మాట రాలేదు, ఊక రేటు చెప్పాడు. కొలిచిపోయినోళ్లు ఊరికే పోలేదన్నమాట, వేడి ఎక్కడ పోతుందో చూపించి పోయారు. డబ్బు సంగతి మాత్రం ఊక చూసుకుంది.

ఇట్లాంటిదే ఇంకోటుంది, కరెంటు బిల్లులో. మిల్లు మోటార్లు నిజంగా పనికొచ్చే కరెంటుతో పాటు, అయస్కాంతం పుట్టించుకోవడానికి కొంత అదనపు కరెంటుని వైర్లలో అటూ ఇటూ తిప్పుతుంటాయి. మార్కెట్లో వడ్ల తూకం లాగా అనుకోండి. అసలు గింజల బరువు ఒకటి, సంచితో, తేమతో, తాలుతో కలిపిన బరువు ఇంకోటి. గింజల బరువుని మొత్తం బరువుతో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. ముందు గింజల బరువుకే బిల్లు వేసి, తాలు మరీ ఎక్కువుంటే ఫైన్ వేసేవాళ్లు. తర్వాత కేవీఏహెచ్ బిల్లింగ్ వచ్చింది, అంటే సంచితో కలిపే బిల్లు. నెలకి 10,000 అసలు యూనిట్లు వాడే మిల్లు పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే 12,500 కి కట్టాలి. కెపాసిటర్లు పెట్టి 0.98 కి తెచ్చుకుంటే 10,204 కి కడితే చాలు. యూనిట్ 7 రూపాయల లెక్కన నెలకి 16 వేలు. ఫారం లేదు, ఇన్‌స్పెక్షన్ లేదు, సంతకం లేదు. వచ్చే నెల బిల్లులోనే కనిపిస్తుంది. దీన్ని ప్రోత్సాహకం అని ఏ జీవోలోనూ రాయరు కానీ, నా లెక్కలో మిల్లులకి అందిన మంచి ప్రోత్సాహకాల్లో ఇదొకటి.

2012 పవర్ హాలిడేలు కూడా గుర్తు చేసుకోవాలి. నేను అప్పుడు చిన్నవాణ్ణి, ఇంట్లో కోతలే గుర్తున్నాయి. పరిశ్రమలకైతే వారంలో కొన్ని రోజులు కరెంటే లేదు, డీజిల్ జనరేటర్ మీద నడపాల్సి వచ్చింది. డీజిల్ కరెంటు మీద మిల్లు నడిపినవాడికి యూనిట్ విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు.

2014లో తెలంగాణ వచ్చింది. కొత్త రాష్ట్రానికి కరెంటు గండం గట్టెక్కడం మొదటి పరీక్ష, అది గట్టెక్కింది. ఆ ఏడాది చివర్లోనే టీ-ఐడియా అనే పారిశ్రామిక ప్రోత్సాహకాల పాలసీ వచ్చింది. అందులో అర్హత ఉన్న యూనిట్లకి కరెంటు మీద యూనిట్‌కి 1 రూపాయి చొప్పున ఐదేళ్లు తిరిగిస్తామన్నారు. ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన అన్నదమ్ముల్ని గుర్తు తెచ్చుకోండి. యూనిట్‌కి రూపాయి అంటే, లక్ష యూనిట్లు వాడితే లక్ష, 90 వేలు వాడితే 90 వేలు. పదివేల యూనిట్లు పొదుపు చేస్తే నీ ప్రోత్సాహకంలో పదివేలు కోత! బిల్లులో తగ్గేది దానికన్నా చాలా ఎక్కువే అనుకోండి, పొదుపు నష్టమేమీ కాదు. కానీ పొదుపు పరికరం మీద పెట్టిన డబ్బు తిరిగొచ్చే టైమ్ కొంచెం వెనక్కి జరుగుతుంది. అదే పాలసీలో శుభ్రమైన ఉత్పత్తి పద్ధతులకి 25 శాతం సబ్సిడీ అని కూడా ఉంది, గరిష్ఠంగా 5 లక్షలు. పెద్దన్న, చిన్న తమ్ముడు ఒకే కాగితం మీద.

ఎందుకిట్లా అంటే రాజకీయం సింపుల్. "కరెంటు తగ్గించి ఇచ్చాం" అని మీటింగ్‌లో చెప్తే చప్పట్లు పడతాయి. "ఫలానా మిల్లు పైపుకి ఇన్సులేషన్ చుట్టింది" అంటే ఎవరు కొడతారు చప్పట్లు? 2017 అక్టోబర్ 22న సంగెం, గీసుగొండ మండలాల దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకి శంకుస్థాపన జరిగింది. ఆజంజాహి పోయిన పదిహేనేళ్లకి వరంగల్‌కి మళ్లీ బట్టల పరిశ్రమ వస్తోందంటే నాకూ సంతోషమే. అక్కడ కూడా పిలుపు అదే, రండి, భూమి ఇస్తాం, నీళ్లిస్తాం, కరెంటు మీద రాయితీ ఇస్తాం. 1929 ట్రస్ట్ ఫండ్ కాలం నుంచి ఆ పిలుపు పెద్దగా మారలేదు.

ఇంతలో బాయిల్డ్ మిల్లులకి అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. మన దగ్గర యాసంగి వడ్లు ఎండలు ముదిరాక కోతకొస్తాయి. ఆ వేడికి గింజ లోపల పగుళ్లు పడతాయి. పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి. ఉడికిస్తే ఆ పగుళ్లు అతుక్కుని గింజ గట్టిపడుతుంది. అందుకే తెలంగాణలో అన్ని బాయిలర్లు, డ్రయర్లు, అన్ని బాయిల్డ్ మిల్లులు. 2021లో కేంద్రం ఇక బాయిల్డ్ బియ్యం తీసుకోలేం, తినేవాళ్లు తగ్గారు, నిల్వలు ఉన్నాయి అంది. రాష్ట్రం, కేంద్రం మధ్య పెద్ద గొడవ. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో ధర్నాకి కూర్చున్నారు. రాజకీయంగా ఎవరిది రైటు అన్నది మీకు వదిలేస్తున్నా. మిల్లు ఓనర్ కోణంలో ఒక్కసారి ఆలోచించండి. బాయిలర్ సామర్థ్యం పెంచడానికి 20 లక్షలు పెడితే, నాలుగేళ్లలో తిరిగొస్తుందని రిపోర్టు చెప్తుంది. కానీ వచ్చే యాసంగికి ఆ బాయిలర్ వెలుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. వడ్డీ అర శాతం తగ్గించినా, రెండు శాతం తగ్గించినా ఆ భయం ముందు అది ఎంత?

ఇప్పుడు తాజా స్కీమ్. 2025 జూలై 15న కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ పానిపట్‌లో అడీటీ అనే స్కీమ్ మొదలు పెట్టారు. మొత్తం 1,000 కోట్లు, మూడేళ్లు. పొదుపు మిషన్లకి తీసుకున్న లోన్ మీద వడ్డీలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి 5 శాతం, మధ్య తరహా వాటికి 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది. 14 రంగాలు, అందులో ఫుడ్ ప్రాసెసింగ్, టెక్స్‌టైల్స్ రెండూ ఉన్నాయి. కనీసం 10 శాతం ఎనర్జీ పొదుపు అయినట్టు కొలిచి చూపించాలి. ఈ చివరి షరతు నాకు నచ్చింది. బాయిలర్ల లీజు డ్రామా కాలం నుంచి మనవాళ్లు ఏదో నేర్చుకున్నారు. 20 లక్షల లోన్ మీద మొదటి ఏడాది దాదాపు లక్ష రూపాయలు మిగులుతుంది, చిన్న మిల్లుకి అది ఊరికే తీసేసే డబ్బు కాదు. మీ ఇంట్లో ఎవరికైనా మిల్లు గానీ, జిన్నింగ్ గానీ, చిన్న ఫ్యాక్టరీ గానీ ఉంటే బీఈఈ వెబ్‌సైట్‌లో వివరాలు చూడండి, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. లోన్‌కి ముందు ఎనర్జీ ఆడిట్ చేయించాలి, దానికి కూడా సాయం ఉంది. ఆడిట్ వాళ్లొచ్చినప్పుడు పక్కన నిలబడి అన్నీ అడగండి, రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, అల్మారాలో పడిపోతుంది.

నేను ఈ స్కీమ్ సంగతి నర్సంపేట అన్నకి ఫోన్‌లో చెప్పాను. మొత్తం విన్నాడు, ఐదు శాతమా, మంచిదే అన్నాడు. కాసేపాగి, "వడ్డీ సంగతి సరే తమ్మీ, వచ్చే యాసంగికి బాయిల్డ్ తీసుకుంటరా తీసుకోరా, అది ఏమన్న రాసిన్రా అండ్ల?" అని అడిగాడు. ఆ స్కీమ్ కాగితాల్లో ఆ లైన్ లేదు. అది వేరే మంత్రిత్వ శాఖ.

వచ్చే ఎపిసోడ్ ఆజంజాహి మిల్లు మూత మీద. అందులో పని చేసిన పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే, వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. ఉంటా మరి.